నోటితో చెప్పని షో

నా మాట ఇంతవరకు ఎవరూ వినిపించుకోలేదు. అజ్మాన్‌లో ఆ రమ్మీ ఫైనల్ జరిగిన మర్నాటి నుంచి గల్ఫ్‌లోని మన తెలుగు సంఘానికి ఉత్తరాలు రాస్తూనే ఉన్నాను. మొదట చేత్తో రాశాను. రాత అర్థం కాలేదంటారేమోనని సైట్ ఆఫీసులో టైపు చేయించి పంపాను. ఆ తరువాత ఈమెయిల్ చేశాను. అందిందని కూడా ఎవరూ అనలేదు. ఇప్పుడు సంఘం వాళ్లు అచ్చు వేసిన సావనీర్‌లో, పాత పోటీల ముచ్చట్లు రాసుకున్న పేజీలో, ఈ వాక్యం చూశాను: ‘ఆ ఏడాది ఫైనల్ సోనాపూర్ ఆటగాడి తప్పు షోతో ముగిసింది.’

ఆ సోనాపూర్ ఆటగాణ్ని నేను. నాది తప్పు షో కాదు. పేకాట తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. చేతిలో పదమూడు ముక్కలూ కలవకుండానే కలిశాయని ముక్కలు పరిస్తే దాన్ని తప్పు షో అంటారు. అలా చేసేవాడు ఆట రానివాడైనా కావాలి, దొంగైనా కావాలి. నన్ను ఆ రెంటిలో ఏదన్నారో కూడా వాళ్లు రాయలేదు.

నేను 2003లో దుబాయ్ వచ్చాను. ఒక కట్టడాల కంపెనీలో టైమ్ కీపర్‌ని. తెల్లవారక ముందే సోనాపూర్ కార్మికుల క్యాంపు గేటు దగ్గర నిలబడి, ఏ బస్సులో ఎవరెక్కారు, ఎవరు రాలేదు అని రాసుకోవడం నా పని. మూడు వందల చిల్లర మంది. మొదటి నెల కాగితం చూసి పిలిచేవాణ్ని. ఆ తరువాత కాగితం అక్కర్లేకపోయింది. పేకాటలో పనికొచ్చింది ఈ అలవాటే. ఎవరు ఏ ముక్క ఎత్తారు, ఏది పారేశారు, ఏది ఇంకా రాలేదు అనేది నేను ప్రయత్నించకుండానే నాకు గుర్తుంటుంది.

అప్పట్లో మాకు సెలవంటే శుక్రవారం ఒక్కటే. ఆ రోజు మా గదిలో రెండు బంకు మంచాల మధ్య ప్లైవుడ్ చెక్క వేసి ఆడేవాళ్లం. డబ్బు పెట్టేవాళ్లం కాదు. ఆ దేశంలో డబ్బు పెట్టి ఆడి దొరికితే ఖలాస్, నేరుగా విమానం ఎక్కిస్తారు. కేవలం లెక్క కోసం ఆడేవాళ్లం. డబ్బు లేకపోతే ఆట చప్పగా ఉంటుందని ఆఫీసు ఉద్యోగులు అంటుంటే విన్నాను. వాళ్లు మా గదికి వచ్చి చూడాల్సింది. ఒక వారం ఓడినవాణ్ని మళ్లీ శుక్రవారం దాకా బస్సులో కూడా ఎగతాళి చేయకుండా వదిలేవాళ్లు కాదు.

మా ఆటకు ఒక పద్ధతి ఉంది. గదిలో ఎనిమిది మందిమి. అందులో కాంక్రీటు పంపు ఆపరేటర్ ఒకడు, మా జిల్లావాడే, ఎప్పుడూ రాత్రి డ్యూటీ. శుక్రవారం పొద్దున వచ్చి పడుకుంటే మధ్యాహ్నం దాటేదాకా లేవడు. మొదట్లో మేం అందరిలాగే షో అని గట్టిగా అనేవాళ్లం. ఒకరోజు అతను పై బంకు మీంచి దిగి, పరిచిన ముక్కలన్నీ దోసిట్లోకి తీసుకున్నాడు.

“ఇంకోపారి షో అంటే ఈటిని తీస్కపోయి మెస్సుల పొయ్యిల పెడ్త. మీకు ఆటైతే నాకు నిద్ర గాదా?”

తప్పు మాదే. ఆ రోజు నుంచి మా గదిలో ఎవరూ నోటితో షో చెప్పలేదు. చివరి ముక్కను చెత్త ముక్కల మీద బోర్లా పెట్టి, దాని మీద వేలితో రెండుసార్లు తట్టాలి. అంతే. తక్కిన గదులవాళ్లు కూడా ఇదే పద్ధతిలోకి వచ్చారు, ఎందుకంటే ఏ గదిలో చూసినా పడుకున్నవాడు ఒకడుంటాడు. అబూదాబీ పక్కన ముసఫ్ఫాలో ఐకాడ్ కార్మికుల క్యాంపులకు ఆడటానికి వెళితే అక్కడా ఇదే చూశాను.

తరువాత మన సంఘానికి కార్యదర్శి అయిన పెద్దమనిషి మా ఆటలోకి వచ్చింది ఆ రోజుల్లోనే. 2004లో మా కంపెనీకి సైట్ ఇంజనీరుగా వచ్చారు. కోస్తా వైపు మనిషి. కంపెనీ ఫ్లాట్ ఖాళీ లేదని, ఇంటావిడ వీసా తేలలేదని ఆయన్ని మా క్యాంపులోనే చివరి బ్లాకులో పెట్టారు. ఏడు నెలలు ఉన్నారు. మొదటి శుక్రవారం గుమ్మంలో నిలబడి, లోపలికి రావాలో వద్దో తెలియక చెప్పులు విప్పుతూ వేసుకుంటూ ఉంటే నేనే రమ్మన్నాను. నా బంకు మీద కూర్చోబెట్టాను. ఆయనకు రమ్మీ వచ్చు కానీ ఆడటం రాదు. రాజులను, రాణులను చివరిదాకా దాచుకునేవారు. లైఫు, అంటే జోకరు సాయం లేకుండా కలిసే వరస, అది పడకముందే జోకర్ల కోసం వెతుక్కునేవారు. నేను నేర్పాను. పెద్ద ముక్కలు ముందే వదిలించుకోవాలని, మొదటి అయిదు విసుర్లు చూస్తే ఎదుటివాడి చెయ్యి సగం తెలుస్తుందని, బాగాలేని చేతిని మొదటే పడేసి ఇరవై లెక్క ఒప్పుకోవడం పిరికితనం కాదని. అన్నయ్యా, అన్నయ్యా అంటూ నేర్చుకున్నారు. అందరిలాగే ముక్క బోర్లా పెట్టి వేలితో తట్టారు. ఏడు నెలలు, దాదాపు ప్రతి శుక్రవారం.

ఫ్లాట్ వచ్చి షార్జా వెళ్లిపోయాక మళ్లీ మా గుమ్మం తొక్కలేదు. దాన్ని నేను తప్పు పట్టలేదు. సంసారం వచ్చాక ఎవరికైనా అంతే.

సంఘంవాళ్లు రమ్మీ పోటీలు మొదలుపెట్టింది ఆ తరువాతి ఏడు. ఒక శుక్రవారం అజ్మాన్‌లో, ఒక శుక్రవారం మా సోనాపూర్ మెస్సు హాల్లో, ఇంకో శుక్రవారం ముసఫ్ఫాలో. మూడు చోట్లా కలవని ముక్కల లెక్క తక్కువ వచ్చినవాళ్లు ఫైనల్‌కు వస్తారు. బహుమతులు మిక్సీలు, రైస్ కుక్కర్లు. మొదటి ఏడు ముసఫ్ఫాలో నేను ఒక కుక్కర్ గెలిచాను. అది క్యాంపులో వాడకూడదని క్యాంప్ బాస్ పట్టుకుపోయాడు. ఇంతవరకు ఇవ్వలేదు. అది వేరే సంగతి. వ్యానులో వెళ్లడానికి, రావడానికి సెలవు రోజంతా పోయేది. బట్టలు ఉతుక్కోవడం మానుకుని, ఇంటికి ఫోను చేయడం మానుకుని వెళ్లేవాణ్ని. రెండో ఏడు, 2006లో, మూడు చోట్లా నాదే తక్కువ లెక్క. ఫైనల్‌కు చేరిన మొదటి క్యాంపు మనిషిని నేనని మా బస్సులో అందరూ చెప్పుకున్నారు. గెలిస్తే తిరిగొచ్చేటప్పుడు వ్యాను పైకప్పు ఎక్కి చిందులేస్తామన్నారు.

ఫైనల్ అజ్మాన్‌లో, ఒక తెలుగు భోజన హోటల్ మేడ మీద. బల్లల మీద మందపాటి తెల్ల దుప్పట్లు పరిచారు. కుటుంబాలు కుర్చీల్లో కూర్చున్నాయి. ఆటగాళ్ల చొక్కాలకు చీటీలు అంటించారు. అందరి చీటీల మీదా పేరు, పక్కన గారు. నా చీటీ మీద ‘సోనాపూర్ 3’. పేరు చెప్పినా రాసుకోలేదు. గోడకు ఇంగ్లీషులో రెండు పేజీల నియమాలు అంటించారు. అవి చదివి వినిపించమని అడిగాను. ఆట ఆటే కదండీ, మీకు తెలియనిదేముంది అన్నారు కార్యదర్శి గారు. ఆ రోజు మధ్యవర్తి కూడా ఆయనే. ఈ మాట గుర్తుంచుకోండి.

రెండు వందల ఒకటి లెక్కకు చేరినవాళ్లు బయటికి పోవాలి. చివరికి ఇద్దరం మిగిలాం, నేనూ ఒక బ్యాంకు ఉద్యోగీ. నాది నూట ఇరవై రెండు. ఆయనది నూట డెబ్భై ఆరు. ఇంకో పాతిక పడితే ఆయన పని అయిపోతుంది.

ఆ చివరి చెయ్యి ఇవాళ కూడా ముక్క ముక్కకూ చెప్పగలను. ఇస్పేటు నాలుగు నుంచి ఏడు దాకా లైఫు. డైమన్ తొమ్మిది, పది, జాకీ. మూడు ఎనిమిదులు. ఆటీను రాజుకూ రాణికీ తోడు ఒక జోకరు. పదమూడూ కలిశాయి. మిగిలింది ఒక్క కళావరు రెండు. బ్యాంకు ఉద్యోగి అంతకుముందే కళావరు మూడు ఎత్తుకున్నారు, నాలుగు పారేయలేదు. ఆయనకు ఆ రెండు కావాలని నాకు తెలుసు. అందుకే నాలుగు రౌండ్లు దాన్ని కదపకుండా కూర్చున్నాను. చెయ్యి కలిసింది కాబట్టే తీశాను. బోర్లా పెట్టి, రెండుసార్లు తట్టాను. దుప్పటి మందం వల్ల చప్పుడు రాలేదు.

బ్యాంకు ఉద్యోగి నవ్వి, “మీ ముక్క తిరగబడిందండీ” అని దాన్ని వెల్లకిలా తిప్పారు. ఎత్తుకున్నారు. షో అన్నారు.

నేను నా పదమూడు ముక్కలూ పరిచాను. ముందు షో నాదన్నాను. కార్యదర్శి గారు వచ్చారు. గోడ మీది కాగితంలో అయిదో నియమం చూపించారు. షో నోటితో చెప్పాలి. చెప్పలేదు గనక మీరు పెట్టింది షో కాదు, పారేసిన ముక్క. చెప్పకుండా చెయ్యి పరిచారు గనక తప్పు షో కింద ఎనభై. నూట ఇరవై రెండుకు ఎనభై కలిపితే రెండు వందల రెండు.

ఆటలో నియమం నియమమే. ఆ కాగితాన్ని బట్టి నేను ఓడానంటే ఓడాను. అది ఒప్పుకుంటాను, ఆ రోజే ఒప్పుకునేవాణ్ని. కానీ వెనక కుర్చీల్లో ఎవరో అన్నారు, ఎదుటాయన ఏం ఎత్తుతాడో చూసి షో అందామని వేసిన ఎత్తు అది అని. అంటే దొంగాట అని. ఆయనకు కావలసిన ముక్కను, నాలుగు రౌండ్లు దాచిన ముక్కను, ఆయన ముందు పెట్టి మోసం చేసేవాడు ఎవడన్నా ఉంటాడా? ఆట తెలిసినవాడికి ఒక్క క్షణం ఆలోచిస్తే అర్థమయ్యేది. ఎవరూ ఆలోచించలేదు. అందుకే కార్యదర్శి గారిని అడిగాను.

“సార్, ఆట పోతే పోయింది. గిది మా రూం పద్ధతే అని చెప్పుండ్రి. మీరు ఏడు నెలలు నా బంకు మీద కూసోని గిట్లనే కొట్టిండ్రు గద.”

హాలు అంతా ఆయన వైపు చూసింది. ఆయన కాగితాలు సర్దుకుంటూ నా మొహం చూడకుండా అన్నారు.

“మీరెవర్ని చూసి ఎవరనుకుంటున్నారో. నేను క్యాంపులో ఎప్పుడూ లేనండీ.”

జనం నవ్వారు. బ్యాంకు ఉద్యోగి నా భుజం తట్టి, క్యాంపులో మీరెట్లా ఆడుకున్నా ఫర్వాలేదు, ఇది పోటీ కదండీ అన్నారు. ఆయన మీద నాకు కోపం లేదు. ఆయనకు తెలియదు. తెలిసినవాళ్లలో, చెబితే ఆ హాలు నమ్మే మనిషి కార్యదర్శి గారొక్కరే.

తిరుగు వ్యానులో, ఆట చూడటానికి నాతో వచ్చిన పంపు ఆపరేటర్ నాకు సర్దిచెప్పాడు. “ముందట కుర్చీల ఇంటామె కూసున్నది, సూసినవా? ఆమెకు మొదటి సంది షార్జా ఫ్లాటే అని చెప్పుకున్నడట. ఇప్పుడు క్యాంపుల పన్న అని ఎట్ల చెప్తడే. యిడిసెయ్.”

అది విడిచిపెట్టే విషయమని నాకు తోచలేదు. ఆయన ఏడు నెలలు ఉండి చెప్పుకోలేకపోయిన చోట నేను అయిదేళ్లు ఉన్నాను. 2008లో పనులు తగ్గి కంపెనీ మమ్మల్ని పంపేసేదాకా అక్కడే పడుకున్నాను, అక్కడే తిన్నాను. అది సిగ్గుపడే చోటైతే ఆయన సిగ్గు ఆయన పడాలి. ఆ సిగ్గు దాచుకోవడానికి నన్ను దొంగను చేయడం ఏం మర్యాద? ఆ తరువాత రెండు పోటీలకు పేరు ఇచ్చాను. రెండుసార్లూ జాబితా నిండిపోయిందన్నారు. మా క్యాంపు నుంచి ఇంకెవరినీ పిలవలేదు. బస్సులో నన్ను చూసి ముక్క బోర్లా పెట్టినట్టు సైగ చేసి నవ్వేవాళ్లు, తోటివాళ్లే.

కార్యదర్శి గారూ, ఇక ఇది మీకే. సావనీర్‌లో ఆ వాక్యం రాసింది మీరేనని పేజీ కింద ఉన్న పొడి అక్షరాలు చెబుతున్నాయి. నాకు కప్పు వద్దు, కుక్కర్ వద్దు, క్షమాపణ కూడా వద్దు. ఒక్క ప్రశ్నకు జవాబు కావాలి. 2004లో సోనాపూర్‌లో మా గదిలో మీరు ఏడు నెలలు ఆడారా, లేదా? ఆడితే, మేం షో ఎట్లా చెప్పేవాళ్లమో మీకు తెలుసా, లేదా? అవునో కాదో మీ పేరు పెట్టి, అందరూ చదివే చోట అచ్చు వేయించండి. ఫోను చేయకండి. మధ్యవర్తులను పంపకండి. కాదని రాస్తారా, రాయండి. ఆ గదిలో ఉన్న తక్కిన ఏడుగురూ ఇంకా బతికే ఉన్నారు. వాళ్లు కూడా చదువుతారు. జవాబు చెప్పండి.