అత్తకు చెప్పవలసిన మాట

డబ్బాలో చింతగింజలు గలగలమంటే ఇప్పటికీ నాకు ఖైరున్నీసా సిస్టర్ గుర్తొస్తారు. ఆ డబ్బా ఎప్పుడూ నా బల్ల మీదే ఉంటుంది. తొంభైల మొదట్లో సిద్దిపేటలోని ఒక చిన్న దవాఖానలో ఆమె పెద్ద నర్సు, నేను కొత్తగా చేరినదాన్ని. నన్ను మనిషిని చేసింది ఆమే.

మద్దూరు నుంచి లక్ష్మి అనే ఆమె నాలుగేళ్ల కూతుర్ని తెచ్చేది. ఆ పిల్ల మాట్లాడదు, పిలిస్తే చూడదు. సిస్టర్ తన డబ్బాలోంచి చింతగింజలిస్తే మాత్రం గోడ వెంట వరుసగా పేర్చేది. ఇవాళ ఆటిజం అంటున్నాం కానీ అప్పుడు ఆ పేరు మాకెవరికీ తెలియదు. గ్రహణం నాడు కోడలు బయట తిరిగినందుకే ఇట్లయిందని తోడొచ్చిన లక్ష్మి అత్త గొణిగేది. నాకు నవ్వొచ్చేది. కడుపులో ఉండగా హార్మోన్లు బిడ్డ మెదడు మీద పనిచేస్తాయని అప్పుడే ఎక్కడో చదివాను. కోతికి కొబ్బరికాయ దొరికినట్టయింది.

"కడుపు నిల్వాలని సూదులేమన్న ఏసుకున్నవా?" అని లక్ష్మిని అడిగాను.

"రెండు నెలలు ఇచ్చిన్రు." అవి హార్మోన్ సూదులే.

"అయితే గందుకే అయివుంటది."

పక్కనే కూర్చున్న అత్త విన్నది. మరుసటి వారం లక్ష్మి రాలేదు. సూదులతో బిడ్డను పాడుచేసిందని ఆమెను తల్లిగారింటికి పంపేశారనీ, పిల్లను మాత్రం ఉంచుకున్నారనీ ఆ ఊరి నుంచి వచ్చిన ఒకామె చెప్పింది.

సిస్టర్ నన్ను తిట్టలేదు, బస్సెక్కించారు. మద్దూరులో అత్త ఎదుట కూర్చోబెట్టి, "చెప్పు" అన్నారు. సిగ్గుపడుతూనే చెప్పాను.

"ఎందుకిట్లయితదో నాకు తెల్వదమ్మా. తెల్వకనే అన్న."

"డాక్టర్లకు గూడ తెల్వదా?" అంది అత్త.

"ఇంకా తెల్వదు," అన్నారు సిస్టర్. "సూదులు రాసింది డాక్టరు. నీ ఇంట్ల బిడ్డ నిల్వాలని ఏసుకున్నది నీ కోడలు. దాంట్ల ఆమె తప్పేంది అవ్వా?"

అత్త మూలకు చూసింది. అక్కడ తల్లి పాత చీర మీద పిల్ల ముడుచుకుని పడుకుంది. గింజలు పక్కనే ఉన్నా ముట్టలేదు.

"రేపు పొద్దుగాల పోయి తోల్కొస్త," అంది అత్త చివరికి.

తిరిగి వస్తూ సిస్టర్ అన్నారు: "తెల్వనిది తెల్వదనుడు గూడ దవాయే బిడ్డా. గని తల్లికొక్కదానికి చెప్తే సరిపోదు, ఇంట్లోళ్లు గూడ వినాలె."

ఇలాంటి పిల్లల ఇళ్లవాళ్లతో మాట్లాడటమే ఇప్పుడు నా పని. హార్మోన్ల గురించి కొత్తగా ఏం వచ్చినా వదలకుండా చదువుతాను. ఫలానా బిడ్డకే ఎందుకిలా అయిందంటే మాత్రం నేటికీ ఎవరూ తేల్చి చెప్పలేరు. "నా వల్లనేనా మేడం?" అని తల్లులు అడుగుతూనే ఉంటారు.

"నీ వల్ల కాదు" అని గట్టిగా చెబుతాను, పక్కన కూర్చున్న అత్త కళ్లలోకి చూస్తూ.