గాజుపలక మీద రెండు చుక్కలు

అనకాపల్లి మెయిన్ రోడ్డు వెనక సందులో తహ్మీనా ప్రింటింగ్ షాపు ఉంది. గది ఆమె అన్న మెహబూబ్ జాన్‌ది. దాన్ని సెల్‌ఫోన్ల కొట్టుకి అద్దెకిచ్చేయాలని ఆయన ఎప్పటినుంచో కాచుకుని ఉన్నాడు. భర్త పోయాక తహ్మీనాకి మిగిలింది ఆ షాపూ, అందులోని ఇంక్‌జెట్ ప్రింటరూ. వాటిని వదలమంటే ఆమె అన్నగారినైనా లెక్కచెయ్యదు.

ఎస్. రాయవరం నుంచి అప్పలనర్సమ్మ తన బెల్లం ప్యాకెట్లకి ఇక్కడే లేబుళ్ళు వేయించుకుంటుంది. ఈ వానలకి బెల్లం చెమర్చి లేబుళ్ళన్నీ కారిపోయాయి. కొన్నవాళ్ళు సరుకు వెనక్కి పంపేశారు.

"ఏటమ్మా, నా పేరు బెల్లంలో కలిసిపోనాది! మళ్ళీ ఇలగైతే ఇంకో సోటికెళ్ళిపోతాను," అని ఆవిడ కేకలేసింది.

"ఆవిడ కూడా పోతే షట్టర్ దించేద్దాం," అన్నాడు మెహబూబ్ జాన్. గొంతులో ఆనందం దాచుకోవడం కూడా చేతకాదు ఆ మనిషికి.

ప్రింటర్లో ఉన్నది డై ఇంకు. అందులో రంగు నీళ్ళలో కరిగి ఉంటుంది, తడి తగిలితే మళ్ళీ కరుగుతుంది. పిగ్మెంట్ ఇంకులో రంగు సన్నటి పొడిగా తేలుతూ ఉంటుంది, ఒకసారి ఆరిందంటే తడికి లొంగదు. తహ్మీనా ఆ ఇంకు తెప్పించింది.

"అది చిక్కగా ఉంటాది. మెషిన్ గొంతు పట్టేత్తాది," అన్నాడు అన్న.

పాకం ముదిరిందో లేదో వేళ్ళ మధ్య నలిపి చూడటం ఈ బెల్లం ఊళ్ళో పుట్టినవాళ్ళకి ఎవరూ నేర్పక్కర్లేదు. తహ్మీనా కూడా ఇంకుని అలాగే నలిపింది. జిగురుగా తగిలింది. చిక్కనే కాబోలనుకుని ప్రింటర్లో పోసేముందు నీళ్ళు కలిపింది. అక్కడే కొంప మునిగింది. లేబుళ్ళు వెలిసిపోయినట్టు, అక్షరాల మధ్య తెల్ల గీతలతో వచ్చాయి.

అన్న పగలబడి నవ్వాడు. "'అద్దెకు ఇవ్వబడును' అని రాసి షట్టర్‌కి అంటించు. రేపు పొద్దున్నే వత్తాను," అని వెళ్ళిపోయాడు.

ఆమెకి ఒళ్ళు మండిపోయింది. పాత ఫొటో ఫ్రేము లోంచి గాజుపలక ఊడదీసి గోడకి ఏటవాలుగా ఆనించింది. పైన పక్కపక్కనే డై ఇంకు చుక్క ఒకటి, కొత్త సీసాలోంచి నీళ్ళు కలపని పిగ్మెంట్ చుక్క ఒకటి వేసింది. రెండూ జంటగా జారి ఇంచుమించు ఒకేసారి కిందికి దిగాయి. నమ్మలేక తుడిచి మళ్ళీ వేసింది. మళ్ళీ అంతే!

అప్పుడు ఇంకో చుక్క వేళ్ళ మధ్య పట్టుకుని ఓపిగ్గా నలిపింది. మొదట నీళ్ళలా జారింది. వేళ్ళ వేడికి ఆరేకొద్దీ జిగురెక్కింది. ఇంకు చిక్కన కాదు, చెడగొట్టింది తను పోసిన నీళ్ళే. తన తెలివికి తనే నాలుగు తిట్లు తిట్టుకుంది గాని, కూలబడలేదు. సీసా అడుగున పేరుకున్న పొడి కలిసేదాకా ఊపింది. మెషిన్ కడిగి కొత్త ఇంకు నింపింది. కొత్త లేబుల్ని తడి బెల్లానికి అంటించి, కాసేపాగి చూసింది. ఒక్క అక్షరం చెదరలేదు.

అన్న చెప్పిన పనీ మరవలేదు. మిగిలిన డై ఇంకులో కుంచె ముంచి ఆ అద్దె కాగితం రాసి షట్టర్‌కి అంటించింది. దాని పక్కనే ప్రింటర్లో వేసిన ఇంకో కాగితం అంటించింది.

తెల్లవార్లూ వాన పడింది. పొద్దున్న అప్పలనర్సమ్మ కొత్త లేబుల్ మీద నీళ్ళు చల్లి చూసి, "ఇదే కావాలి. మళ్ళీ వారానికీ వేసెయ్యమ్మా," అంటుండగా మెహబూబ్ జాన్ వచ్చాడు. షట్టర్ మీద ఒక కాగితం నిండా నీలం చారలే మిగిలాయి. రెండో దాని మీద 'ఈ షాపు రోజూ తెరిచే ఉంటుంది' అని నల్లగా, నిబ్బరంగా ఉంది.

"నేను రాయమన్నదేదీ?"

"రాసేను భాయ్, కారిపోనాది. ఈ ఇంకు రోజూ ఆడకపోతే పొడి పేరుకుని మెషిన్ గొంతు పట్టేత్తాది. అందుకే షాపు మూయను. కావాలంటే ఆ కాగితం తుడిచి చూడు."

మెహబూబ్ జాన్ బొటనవేలు తడిచేసుకుని ఆ అక్షరాల్ని గట్టిగా రుద్దాడు. వేలే ఎర్రబడింది.