కాపీ అయ్యేదాకా

నాకు అనుమానం నాన్న నుంచి వచ్చింది. శ్రీకాకుళం ఒడ్డు నుంచి కుర్రతనంలో వలలతో అండమాన్ వచ్చి, చేపలు పట్టి మమ్మల్ని పెంచాడాయన. ఐసు అమ్మేవాడు గడ్డ చూపిస్తే దాని చుట్టూ ఒక ప్రదక్షిణ చేసేవాడు. రేడియోలో వాతావరణం చెబితే, ఆ చెప్పినవాడు ఎప్పుడైనా సముద్రం మీదికి వెళ్లాడా అని అడిగేవాడు. తమ్ముడికి ఈ గుణం అబ్బలేదు. ఎవరేం చెప్పినా నమ్మేస్తాడు. వాడి వాటా కూడా నాకే వచ్చినట్టుంది.

మా ఊళ్లోనే డెలానీపూర్‌లో ఉండే తెలుగు క్రైస్తవుల అబ్బాయిని నేను పెళ్లి చేసుకుంటానన్నప్పుడు నాన్న అరవలేదు, చెయ్యెత్తలేదు. "ఎల్లు. మల్లీ ఈ గుమ్మం తొక్కకు" అన్నాడంతే. అమ్మ అప్పటికే లేదు. మా ఇంటికీ ఆయన ఇంటికీ మధ్య ఆటో ఎక్కి నాలుగు మాటలు చెప్పుకునేంత దూరం. అంత దగ్గరగా ఉండి కూడా ఏళ్ల తరబడి ఆయన మొహం చూడలేదు నేను.

రాకపోకలు సాగించింది తమ్ముడొక్కడే. అదీ నా మీద ప్రేమతో కాదు, గేముల కోసం. వాడు మెయిన్‌ల్యాండ్‌కి తిరిగే షిప్పులో పనిచేసేవాడు. అప్పట్లో మా దీవుల్లో నెట్ అన్నది పేరుకే ఉండేది. గేములైనా సినిమాలైనా హార్డ్ డిస్కులో ఎక్కి, షిప్పులో సముద్రం దాటి రావాల్సిందే. వాడు విశాఖలో ఎవరి దగ్గరో ఎక్కించుకొచ్చినవి మా ఆయన కంప్యూటర్లో దింపి, మా ఆయన పోగుచేసినవి తను ఎక్కించుకునేవాడు. బావాబావమరుదులిద్దరికీ ఒకటే పిచ్చి.

మొదట్లో హార్డ్ డిస్కును తువ్వాలులో చుట్టి చంకలో పెట్టుకొచ్చేవాడు. కంప్యూటర్ డబ్బా పక్క రేకు విప్పి, వెడల్పాటి వైరు తగిలించి మొదలుపెడితే, లోపల పప్పు విసురుతున్నట్టు గరగరమని ఒకటే చప్పుడు. ఇంకా ఎంతసేపు పడుతుందో తెర మీద రాసి ఉండేది. కాసేపట్లో అయిపోతుందనేది, మళ్లీ చూస్తే గంటల్లోకి పోయేది. దీవుల ఆ కొస నుంచి వచ్చే డిగ్లీపూర్ బస్సు ఎప్పుడొస్తుందో చెప్పేవాళ్ల మాటలా ఉండేది దాని లెక్క. పొద్దున్న వచ్చినవాడు భోజనం చేసి, చాప మీద ఓ కునుకు తీసి, సాయంత్రం టీ తాగి వెళ్లేవాడు.

ఆ మధ్యాహ్నాల్లోనే వాడి మీద నాకు అనుమానం మొదలైంది.

"కూరేటొండినావక్కా?" అనేవాడు. పుట్టి బుద్ధెరిగాక కంచంలో ఏముందో చూసి తిన్న మనిషి కాదు వాడు. "పాపకి జ్వరం తగ్గిందా? మందు ఏ డాక్టరిచ్చాడు?" అనేవాడు. "బావ జీతం ఇంట్లో ఇస్తాడా?" అని కూడా అడిగాడు ఒకసారి. గోడ మీద బైబిల్ వాక్యాల క్యాలెండర్ చూసేవాడు, నా మెడ చూసేవాడు, చేతులు చూసేవాడు. ఈ ప్రశ్నలు వీడివి కావు, ఎవరో నేర్పి పంపినవి అని నాకు అర్థమైపోయింది. ఎవరో కూడా తెలుసు. నేను కష్టపడుతున్నానని వాసన తగిలితే చాలు, "నేను సెప్పనేదా" అనడానికి ఒడ్డున కాచుకుని కూర్చున్నాడు ఆ పెద్దమనిషి.

నాకు ఒళ్లు మండింది. సరే, పట్టుకెళ్లు కబుర్లు, నేనూ చూస్తాను అనుకున్నాను. షిప్పు వస్తోందని తెలిస్తే చాలు, బీరువాలోంచి బంగారు గాజులు తీసి వేసుకునేదాన్ని. కొత్త మిక్సీని వంటింట్లోంచి తెచ్చి కంప్యూటర్ పక్కనే పెట్టేదాన్ని. రెండు కూరలు, వేపుడు, పెరుగు. "ఏటే ఇది, పండగా?" అని మా ఆయన నవ్వేవాడు. పండగ కాదు, ఇన్‌స్పెక్షన్ అనేదాన్ని. ఒక్కసారైనా "నువ్వు ఆయన పంపితేనే వస్తున్నావు కదూ" అని తమ్ముణ్ణి నిలదీయలేదు. అడిగితే రావడం మానేస్తాడేమోనని భయం. కూపీ లాగడానికి వచ్చినా సరే, వాడొస్తే ఇంట్లో పుట్టింటి మాట వినబడేది.

తర్వాత అరచేతిలో ఇమిడే డిస్కు వచ్చింది. డబ్బా విప్పే పని తప్పింది, భోజనం మాత్రం మిగిలింది. ఆ తర్వాత ఇంకాస్త వేగంగా ఎక్కించేది వచ్చింది. దానితో భోజనం పోయి టీ మిగిలింది. మా ఆయన తన కంప్యూటర్లో ఎస్‌ఎస్‌డీ అనే కొత్తరకం డిస్కు వేయించాడు. అది చప్పుడు చేయదు, దానిలో తిరిగేదేమీ లేదట. తిరగకుండా ఎలా రాస్తుందయ్యా అంటే నవ్వాడు. అంతకుముందు గేము తెరుచుకునేలోపు పాప నోట్లో నాలుగు ముద్దలు పెట్టేదాన్ని. ఇప్పుడు నేను కలుపుతుండగానే దాని ఆట మొదలైపోతోంది. నాకా వస్తువు మీద మొదటిరోజు నుంచీ నమ్మకం లేదు.

ఒకసారి షిప్పు దిగి తమ్ముడు కూడా అలాంటిదే తెచ్చాడు. అగ్గిపెట్టెకన్నా కాస్త పెద్దది. నేను టీ పెట్టి, అల్లం దంచి వేసి వచ్చేసరికి వైరు చుట్టేస్తున్నాడు.

"హో గయా అక్కా. ఏక్‌దమ్ ఫాస్ట్! ఎల్తాను, కింద దోస్తులున్నారు."

"టీ తాగరా."

"మల్లొస్తాను కదా" అని మెట్లు దిగిపోయాడు. రెండు గ్లాసులూ నేనే తాగాను.

ఆ సాయంత్రమే ఫోన్ చేశాడు. గొంతు చిన్నబోయి ఉంది.

"అక్కా, నాన్న నా మీద బాగా గరమైపోయాడు. అప్పుడే ఎందుకొచ్చేసినావు, లోపలికెల్లనేదా అన్నాడు. పాప ఎలాగుంది, కూరేటొండింది, సిక్కిందా అని అడుగుతుంటే నాకేటి తెలుసు? నేను టీ కూడా తాగనేదు. నువ్వసలు ఎల్లనేదు, అబద్దమాడతన్నావు అంటన్నాడు. మునుపు రోజంతా పట్టేది, ఇయ్యాల నిమిషాల్లో ఎలాగయిపోద్ది అంటాడు. నేనేటి సెప్పాలి?"

"ఎప్పుడూ ఇలాగే అడుగుతాడా?"

"ఎప్పుడూ. నేనొచ్చేదాకా అన్నం తినడు. అన్నీ సెప్పించుకుని తింటాడు. ఒక్కటి మర్చిపోతే తిడతాడు. నీకు సెప్పొద్దన్నాడు."

నా అనుమానం నూటికి నూరుపాళ్లూ నిజమైంది. పంపింది నాన్నే. ప్రశ్నలు నాన్నవే. అంత కచ్చితంగా పసిగట్టినందుకు సంతోషం కలగాలి కదా, ఏడుపొచ్చింది. ఫోన్ పెట్టేశాక కూడా ఆగలేదు. గాజులు, మిక్సీ గుర్తొచ్చి సిగ్గు కూడా వేసింది.

తర్వాతి షిప్పుకు తమ్ముడు ఒంటరిగా రాలేదు. తలుపు తీస్తే వాడి వెనక, వరండాలో, చెప్పులు విప్పకుండా నిలబడి ఉన్నాడు నాన్న. జుట్టు మొత్తం తెల్లబడింది. నా వైపు చూడలేదు.

"ఈడు సెప్పేది నిజమో కాదో సూద్దారని వచ్చినాను" అన్నాడు గోడతో. "అంత బేగి ఎలాగయిపోద్దో నానూ సూడాలి. అయిపోగానే ఎల్లిపోతాను."

నేను లోపలికి రమ్మనలేదు. రమ్మంటే రానంటాడేమోనని భయం. తమ్ముడు గబగబా వెళ్లి ఆ చిన్న డిస్కు తగిలించాడు. పాప తలుపు చాటునుంచి తాతను చూస్తోంది. ఆయన కూడా ఓరకంట దాన్ని చూస్తున్నాడు. నేను కంప్యూటర్ దగ్గరికి వెళ్లేసరికి కాపీ ఎంతయిందో చూపించే పచ్చటి గీత చివరిదాకా పోయి మాయమైంది. అయిపోయింది. తమ్ముడు నోరు తెరవబోయాడు.

నేను తెరకు అడ్డంగా నిలబడ్డాను.

"ఎంతసేపవుద్దేటి?" అన్నాడు నాన్న వరండాలోంచి.

"ఇయ్యాల బాగా స్లోగా ఉంది నాన్నా. సాయంత్రం దాకా పట్టేలా ఉంది."

నాన్న తమ్ముడి వైపు గుర్రుగా చూశాడు. "నిమిషాల్లో అయిపోద్దన్నావు కదరా!"

తమ్ముడు నన్ను చూశాడు. ఎవరేం చెప్పినా నమ్మేసే నా తమ్ముడు, జీవితంలో మొదటిసారి, తన కళ్లతో చూసినదాన్ని కాదన్నాడు. "అప్పుడేదో అలాగయింది నాన్నా. ఇయ్యాల టైము పడతాది."

"నాకు తెలుసు" అన్నాడు నాన్న. "సాయంత్రం దాకా అంటే కూకోవాల్సిందే" అని వంగి చెప్పులు విప్పాడు.