తుప్పు మీద రంగు

పక్కింటి పెద్దమ్మ పోయిందన్న కబురు నాకు ఆదోనిలో తెలిసింది. మగ్గానికి నూలు కొనడానికి పోయి అంగట్లో నిలబడి ఉంటే ఆమె కూతురు ఫోన్ చేసింది. "అన్నా, అమ్మ పోయింది" అని మాత్రం చెప్పి పెట్టేసింది. మా ఊరు ఎమ్మిగనూరుకు బస్సెక్కి కూర్చున్నాక నాకు ఏడుపు రాలేదు. భయం వేసింది. ఎందుకో మీకు చెప్పాలి.

ఆమె మాకు బంధువు కాదు. మా రెండిళ్ళకూ కంచె ఒకటే, అంతే. భర్త పోయాక పత్తి చేలకూ మిరప చేలకూ కూలికి పోయి కూతురిని సాకింది. ఆదివారం చర్చి నుంచి రాగానే మంచి చీర మార్చుకుని కంచె పని పట్టేది. వీధి వైపు నిలువు బండలు, వెనక వెదురు తడికె, రెండిళ్ళ మధ్య ఇనుప స్తంభాలకు కట్టిన ఇనుప జాలి. వానలకు బండల మీద పాచి పడితే కొబ్బరి పీచుతో, సబ్బు నీళ్ళతో రుద్దేది. నేనొకసారి బాత్రూం ఆసిడ్ సీసా తెస్తే చేయి పట్టుకుని ఆపింది.

"వద్దప్పా, అది రాయిని తింటాది. పాచితో పాటు బండ నునుపూ పోతాది."

తడికె మొదళ్ళకు చెద పట్టకుండా వేపనూనె పూసేది. నా వైపు కూడా తనే చేసేది. నీకెందుకు శ్రమ అంటే, "ఒక తట్టు కడిగితే కడిగినట్టేనా?" అనేది.

నిరుడు వానలకు ముందు ఆమె మోకాళ్ళ నొప్పులు ముదిరాయి. "ఈసారి ఇనుప పని నువ్వు చెయ్యప్పా. ముందు తుప్పంతా గరుకు ఉప్పుకాగితంతో గీకు. ఎర్ర ప్రైమర్ ఎయ్యి, అది ఆరినాకనే రంగు. స్తంభాల మొదట్లో మట్టి తీసి సూడు, తుప్పు ఆడనే ఎక్కువ" అని వరసగా చెప్పింది. సరేనన్నాను. మగ్గం మీద చీర ముగించే తొందరలో ఉన్నాను. ఒక్క పూటలో తుప్పు మీదనే ఆకుపచ్చ రంగు పూసేశాను.

సాయంత్రం ఆమె వచ్చి ఒక స్తంభం మీద వేలు పెట్టి కిందికి నిమిరింది.

"గీకినావా నాయనా?"

"గీకినాను పెద్దమ్మా."

ఇంకేమీ అడగలేదు. "రంగు బాగుంది" అని లోపలికి పోయింది.

వానలు తగ్గాక ఒక ఉదయం జాలికి పట్టిన బురద తుడుస్తూ ఆ స్తంభాన్ని పట్టుకుంది. అది నేల దగ్గర విరిగిపోయింది. నేను మగ్గం వదిలి పరుగెత్తేసరికి ఆమె జాలితో సహా కింద పడి ఉంది. తుంటి ఎముక విరిగింది. కర్నూలులో ఆపరేషన్ చేశారు గానీ మళ్ళీ లేచి నడవలేదు. విరిగిన స్తంభాన్ని నేనే ఎత్తి పక్కన పెట్టాను. పైన నిగనిగలాడే పచ్చ రంగు, లోపల పొరలు పొరలుగా తుప్పు.

"మొన్ననే రంగేసింది గదా, ఎట్ల ఇరిగిందమ్మా?" అని కూతురు అడిగినప్పుడు నేను అక్కడే ఉన్నాను.

"పాతది గదా పాపా" అంది పెద్దమ్మ, నా వైపు చూడకుండా.

రోజూ పోయి ఆమె మంచం దగ్గర కూర్చునేవాణ్ణి. నెలలు గడిచాక ఒక మధ్యాహ్నం, కూతురు ఇంట్లో లేనప్పుడు, చెప్పేశాను.

"నేను గీకలేదు పెద్దమ్మా. అబద్ధం చెప్పినాను."

ఆమె ముఖం గోడ వైపు తిప్పుకుంది.

"నాకు ఆ పొద్దే తెలుసప్పా. వేలికి గరుకు తగిలింది. గట్టిగా అడిగితే నువ్వు సిన్నబుచ్చుకుంటావని ఊరకుండినాను. అడిగింటే బాగుండు."

తిట్టి ఉంటే మేలనిపించింది. తప్పులో సగం తన మీద వేసుకుని పడుకుంది. అది నీది కాదు పెద్దమ్మా అని గట్టిగా చెప్పాల్సినవాణ్ణి, తల వంచుకుని ఇంటికి వచ్చేశాను.

సమాధుల తోటలో మట్టి వేశాక కూతురికి జరిగింది చెప్పాను. "అమ్మ నాకు సెప్పలేదే" అంది. ఆ తర్వాత నాతో మాట్లాడలేదు. మాట్లాడమని ఏ ముఖంతో అడగను?

ఇప్పుడు స్తంభం స్తంభానికీ మట్టి తీసి గీకుతున్నాను. నిన్న పొద్దున కూతురు పెరట్లోకి వచ్చింది. పెద్దమ్మ మంచం మీది తెల్ల దుప్పటి ఉతికి, నేను ఇంకా గీకని చోట జాలి మీద ఆరేసింది. తుప్పు మరక అంటుతుందమ్మా అని చెప్పబోయాను. చేతిలోని ఉప్పుకాగితం కింద పెట్టాను. దుప్పటి అంచు నుంచి నీళ్ళు కారుతూనే ఉన్నాయి. దాని వెనక కూతురు కదలకుండా నిలబడి ఉంది, కాళ్ళు మాత్రం కనిపిస్తున్నాయి.