బొమ్మకు వేసిన దండ

పని మీద అనంతపురం నుంచి నూజివీడు వెళ్లినప్పుడు, అక్కడి మునిసిపాలిటీ వాళ్ల చిన్న ఆర్ట్ మ్యూజియంలో గోడకు వేలాడుతున్న ఒక బొమ్మ ముందు ఆగిపోయాను. మామిడిపళ్ల బుట్ట పక్కన కూర్చున్న చిన్నపిల్ల. పైన తాజా బంతిపూల దండ.

"పాపం, ఎంత చిన్న వయసులో పోయిందో!" అని పైకే అనేశాను.

"పోలేదండీ, అది నేనే," అన్నారు పక్కనున్న పెద్దావిడ. బొమ్మకు దండ పడిందని ఎవరో చెబితే, తీయించడానికే ముసునూరు నుంచి బస్సెక్కి వచ్చారట.

అటెండర్ కంగారుపడ్డాడు. "పాతకాలం బొమ్మ కదండీ, పోయుంటారనుకున్నాను. ఊరికే వదిలేస్తే ఏం బాగుంటుందని, మేకు కొట్టి మరీ వేశానండీ."

ఆవిడ కోపం కాస్త దిగింది. "గీసినాయన ఫొటో లేదా నాయనా?"

తలుపు పక్కనే ఉంది. నవ్వుతున్న కలర్ ఫొటో, దండ లేదు.

"ఆయన ఇంకా ఉన్నారనుకున్నానండీ," అన్నాడు అటెండర్.

"నిరుడే పోయారు. మా తోటలోనే కూర్చుని నన్ను గీశారు. కదలకుండా ఉంటే పండు ఇస్తానని, మా పండే నాకిచ్చారు."

నవ్వబోయి కళ్లు తుడుచుకున్నారు. దండ తీసి అటెండర్ చేతిలో పెట్టారు.

"ఇది ఆయనకి వెయ్యి. నా మేకు మాత్రం పీకకు నాయనా, ఎప్పటికైనా కావాలిగా."