పగుళ్లు మాయమైన బురుజు

1968లో ఆబిడ్స్‌లో నాకో ఫోటో స్టూడియో ఉండేది. పెళ్లిచూపుల ఫోటోలే మాకు కూడు పెట్టేవి. వాటికి రీటచింగ్ చేయడానికి, అంటే నెగెటివ్ మీద పెన్సిల్‌తో, చిన్న బ్లేడుతో మొహం మీది మచ్చలు మాయం చేయడానికి, మెదక్ వైపు నుంచి వచ్చిన యాదయ్య ఉండేవాడు. చెయ్యి బంగారం. చెప్పింది చెప్పినట్టు చేసే అలవాటు మాత్రం లేదు.

ఒకరోజు మూర్తిగారు నాంపల్లి స్టేషన్‌లో దిగి నేరుగా మా దగ్గరికి వచ్చారు. అమలాపురం మనిషి, వరి పరిశోధకులు. ఫిలిప్పీన్స్‌లో శిక్షణకు వెళ్లి, సెలవుల్లో ఇలోకోస్ సముద్రతీరం తిరిగారట. స్పెయిన్ వాళ్ల కాలం నాటి చర్చీలు, ఒక కాపలా బురుజు ఫోటోలు తీసి, ఆ నెగెటివ్‌లు తీసుకొచ్చారు. దొంగల పడవలు వస్తే ఊరిని హెచ్చరించడానికి కట్టిన ఆ బురుజు అలల దెబ్బకు నిలువునా చీలింది. బాగుచేయించమని అక్కడి బడిపంతులు సర్కారుకు అర్జీ పెట్టుకున్నాడు.

"సాక్ష్యంగా ఈ ఫోటోలే పంపాలండీ. పంతులు వీటి మీదే ఆశ పెట్టుకున్నాడు" అన్నారు మూర్తిగారు.

నేను యాదయ్యతో ప్రింట్లు వెయ్యి చాలు, ఇంకేం చెయ్యొద్దు అని చెప్పాను.

వారం తర్వాత మూర్తిగారు కవరు విప్పి, "ఇదేంటండీ! పగులేదీ?" అన్నారు.

చూద్దును కదా, బురుజు నిన్ననే సున్నం కొట్టినట్టు నున్నగా ఉంది. నాకు ఒళ్లు మండింది.

"గంత పెద్ద చీలికుంటే మంచిగుంటదా సేట్? పెండ్లిపిల్లకు మచ్చలు తీస్తలేనా? గట్లనే తీసిన" అన్నాడు యాదయ్య.

"దీనికేమన్నా సంబంధాలు చూస్తున్నామట్రా?"

"జర ఫికర్ చెయ్యకున్రి. తుడిస్తె పోతది."

పెన్సిల్‌తో పూడ్చిన చిన్న పగుళ్లు టర్పెంటైన్‌తో తుడిస్తే తిరిగొచ్చాయి. వెనకాల ఆకాశం తెల్లగా కనబడే పెద్ద చీలికను మాత్రం బ్లేడుతో గీకేశాడు. ఫిల్ము మీద పూతే పోయాక ఇక చేసేదేముంది? మూర్తిగారు తిట్టినా బాగుండేది. జరిగింది రాసి, ఆ నున్నటి ఫోటోతో సహా అన్నీ పంతులుకు పంపారు.

కొన్ని నెలలకు మళ్లీ వచ్చారు. అధికారులు ఫోటోలు చూసి, చిన్న పగుళ్లే కదా అని అర్జీ పక్కన పడేశారట. తర్వాత తుఫానుకు బురుజు సముద్రంలో కూలిపోయిందట.

"పంతులు ఆ నున్నటి ఫోటో ఇంకొకటి పెద్దది చేసి పంపమన్నాడండీ. బడిలో పెట్టుకుంటాడట."

"చూసిన్రా సేట్, నచ్చింది గద!" అని యాదయ్య మురిసిపోయాడు.

చిన్న పగుళ్లను మళ్లీ పెన్సిల్‌తో పూడ్చి, ఆ ప్రింటు నేనే వేశాను. డెవలపర్‌ నీళ్లలో బురుజు మెల్లగా తేలి వస్తుంటే కోపంతో పాటు ఏడుపూ వచ్చింది. అప్పటినుంచి ఏ ఫోటో వచ్చినా, ఈ మచ్చ ఉంచాలా తియ్యాలా అని ముందే అడుగుతాను. జనం నవ్వుతారు. నవ్వనీ.