ఉమ్ సలాల్‌లో మైకు లేని నా కచేరీ

మైకు పట్టుకోవడం నామోషీ అనుకుని నేను చేసిన నిర్వాకం చెప్తాను, వినండి. మీరు హాయిగా నవ్వుకోండి. నాకు మాత్రం తలచుకుంటే ఇప్పటికీ తల కొట్టేసినట్టే ఉంటుంది.

నేను ఒపెరా గాయనిని. పుట్టింది కాకినాడే అయినా, ఇటలీలో ఏళ్ల తరబడి గొంతు అరగదీసుకుని నేర్చుకున్నాను. ఒపెరా అంటే కథంతా పాటల్లోనే నడిచే నాటకం. అందులో మైకు ఉండదు. వాద్యాలు ఎంత హోరెత్తినా మన గొంతు హాలంతా వినబడి తీరాలి. ఆ విద్య వచ్చిందని ఎంత పొగరంటే, ఇప్పుడు నేనుంటున్న దోహాలో ఎవరైనా పుట్టినరోజుకి పిలిచి పాడమన్నా, "ముందు ఆ మైకు తీసేయండి" అనేదాన్ని. ఊళ్లోని అల్ సద్ పేట ఫ్లాట్లలో అది బాగానే చెల్లింది.

దోహాలో మా పాటల బృందం వ్యాను నడిపే మల్లేష్‌ది జగిత్యాల దగ్గర పల్లె. కొలువు మానేసి ఇంటికి పోతున్నాడని, ఊరి పొలిమేరలోని ఉమ్ సలాల్‌లో వాళ్ల బావమరిది పనిచేసే తోటలో, అతనుండే కార్మికుల క్యాంపు దోస్తులు వీడ్కోలు దావత్ పెట్టారు.

"మేడమ్, మీరొక్క పాట పాడాలె. మా క్యాంపోళ్లందరికీ చెప్పిన" అన్నాడు. వెళ్లాను.

మైకు సెట్టు కరీంనగర్ రఫీక్ భాయ్‌ది. కొత్తగా కొన్నాడు, ఇదే మొదటి ప్రోగ్రాం. ఇక్కడ పేరొస్తే ఇక ప్రతి క్యాంపువాళ్లూ తననే పిలుస్తారని ఆశ.

"అక్కా, మైక్ జర దగ్గర పట్టుకోండ్రి."

"మాకు మైకులక్కర్లేదండీ" అని దాన్ని కుర్చీలో పడేశాను.

"అరే అక్కా, ఇది బయటి జాగ. గాలికి ఆవాజ్ పోతది."

"ఎంతెంత హాళ్లలో పాడిన గొంతండీ ఇది!"

పాడాను. ప్రాణం పెట్టి పాడాను! హాలుకి గోడలుంటాయని, సగం పని అవే చేస్తాయని ఆ క్షణంలో ఎవరికి గుర్తు? ఇక్కడ చుట్టూ గాలి, పక్కనే జనరేటరు. వెనకవాళ్లకి నేను ఒడ్డున పడ్డ చేపలా నోరు తెరుస్తూ మూస్తూ కనిపించానట.

"ఆవాజ్ వస్తలేదు!"

"రఫీక్ భాయ్, నీ సెట్టు ఖతం!"

"యల్లా, జల్ది కానియ్యుండ్రి, పాత సెట్టాయననే పిలువుండ్రి!"

రఫీక్ భాయ్ మొహం మాడిపోయింది. వైర్లన్నీ పీకి మళ్లీ పెడుతున్నాడు. మైకు వద్దన్నది నేనేనని ఒక్క మాట అంటే సరిపోయేది. అనలేదు సరికదా, సిగ్గు లేకుండా, "ఏమోనండీ, సెట్టు పాడైనట్టుంది" అన్నాను!

వీడియో కాల్‌లో తల్లికి పాట చూపిద్దామని మల్లేష్ మొదటినుంచీ నా ముందే ఫోను పట్టుకుని నిలబడి ఉన్నాడు. అందులోంచి ఆమె గయ్యిమంది.

"ఆయననెందుకు అంటుండ్రురా? మైకు కుర్సీల వడేసింది ఆ బిడ్డనే! నేను సూసిన గద!"

రఫీక్ భాయ్ గబుక్కున మైకు తీసి ఫోనుకి ఆనించాడు. "అమ్మా, జర మళ్ల చెప్పు."

ఆమె మళ్లీ చెప్పింది. పక్క తోటలవాళ్లక్కూడా వినబడింది. పది అడుగుల దూరంలో నా గొంతు వినబడని జనానికి జగిత్యాల నుంచి ఆవిడ గొంతు ఖంగుమంది!

తోటంతా నా వైపు చూసింది. రఫీక్ భాయ్ మైకు తెచ్చి నా చేతికిచ్చాడు. దాన్ని రెండు చేతులా పట్టుకుని, "సెట్టు బంగారంలా ఉందండీ. తప్పంతా నాదే. రఫీక్ భాయ్, నన్ను క్షమించండి" అన్నాను. ఈసారి తోట చివరిదాకా వినబడింది.

ఒకటే చప్పట్లు, ఈలలు! నా జన్మలో అన్ని చప్పట్లు ఎరగను. వెనక నుంచి ఎవరో అరిచారు: "గిది మస్తున్నది మేడమ్! ఇంకొక్కసారి!"

ఇంకొక్కసారి చెప్పాను.

కాబట్టి పాఠకమహాశయులారా, మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇకమీదట స్నానాలగదిలో కూనిరాగం తీసినా సరే, కరెంటు కొట్టినా సరే, మైకు పట్టుకునే తీస్తాను.